చుక్కకీ చుక్కకీ మధ్య

మార్చి 3

అత్తా,

ఇక్కడ అందరూ క్షేమమే, కంప్యూటరు తప్ప. ఈ వారంలోనే ఏదో ఒక పూట దాన్ని కిటికీలోంచి కిందికి తోసేస్తాను. అప్పుడు నేనూ క్షేమంగా ఉంటాను.

ఫోను చేద్దామనుకున్నాను. నీతో ఫోనంటే నేను గొంతు చించుకోవాలి, నువ్వు "ఆఁ?" అనాలి, చివరికి నా సంగతి వీధివీధంతా తెలిసిపోవాలి. చెవిలో పెట్టుకోమని తెచ్చిచ్చిన మిషనుని సొరుగులో పెట్టుకున్నావు. ఇక ఉత్తరం కాక గతేముంది? గ్రాఫు బొమ్మ ఫోనులో పంపితే గీత మందం తెలియదని సాధిస్తావు కాబట్టి ముద్రించి ఇందులోనే పెడుతున్నాను.

సంగతేమిటంటే, నన్ను ప్యాకింగ్‌లోంచి తీసి టెస్టింగ్ బల్ల దగ్గర వేశారు. మా దగ్గర తయారయ్యేవి తలుపు పైన బిగించే డోర్ క్లోజర్లని నీకు తెలుసు. లోపల స్ప్రింగు ఉంటుంది, దాని చుట్టూ నూనె. స్ప్రింగు తలుపుని లాగుతుంది, నూనె ఆగమంటుంది, ఆ రెంటి పోట్లాటలో తలుపు మెల్లగా మూసుకుంటుంది. ఒక లైబ్రరీవాళ్లు చదువుకునే హాలుకి మా క్లోజరు పెట్టించుకున్నారు. మూసుకునేటప్పుడు తలుపు అదురుతోందట. గడగడమని చప్పుడు, హాల్లో ఉన్నవాళ్లంతా తలెత్తి చూడటం. ఆ అదురు ఎంత, ఎంతసేపు, నూనె చిక్కన చేస్తే పోతుందా పోదా అన్నది లెక్కగట్టి గ్రాఫు గీసి చూపించాలి. నెలాఖరుకి లైబ్రరీవాళ్లు వస్తున్నారు. వాళ్ల ముందు సరైన గ్రాఫు పెడితే బల్ల నాది. పెట్టలేకపోతే మళ్లీ అట్టపెట్టెలకి టేపు అంటించుకుంటూ బతకడమే. ఓనరు ఈ మాట అందరి ముందూ నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వుకే నాకు ఒళ్లు మండింది.

సమీకరణం నేనే రాశాను. కాలేజీ మొహం చూడకపోతేనేం, పాత పుస్తకాల దుకాణంలో దొరికిన అట్ట ఊడిన ఫిజిక్సు పుస్తకం చాలు. అందులో ఊగే స్ప్రింగు బొమ్మ నువ్వు గీసిందే. కింద పేరు లేకపోయినా నీ గీత నాకు తెలియదా?

సాఫ్ట్‌వేర్‌లో సమీకరణం కొట్టి మీట నొక్కాను. ఒక అడ్డగీత, ఒక నిలువుగీత, మధ్యలో గళ్లు వచ్చాయి. అంతే. తప్పుందనైనా చెప్పదు. అలిగిన చుట్టంలా మూతి బిగించుకు కూర్చుంది. మా ఇంజనీరు అటుగా పోతూ, "అన్ని అక్షరాలకీ విలువలు ఇచ్చావా?" అన్నాడు. నేనేమన్నా పాలు తాగే పిల్లనా? అతనికి నేను ఇస్త్రీ అని పేరు పెట్టాను. గ్రీజు డబ్బాల మధ్య రోజంతా తిరిగినా ఆ చొక్కా మడత నలగదు. అలాంటివాణ్ణి నమ్మకూడదు.

వెనక పేజీలో సమీకరణం రాశాను. చూసి చెప్పు.

మండిపోతూ,
నీ కుంపటి

కింద ఒక మాట. నీ కిందటి కవరు మీద ఇంటి నంబరు ఒకటో ఏడో పోస్ట్‌మాన్‌కి అర్థం కాలేదట. బస్సులో కూర్చుని రాశావా?


మార్చి 8

కుంపటీ,

నున్నటి గళ్ల కాగితం పంపావు, సంతోషం. ఈ మధ్య బజార్లో ఇంత మంచిది దొరకడం లేదు. దాని మీద కిటికీ తెర కొలతలు వేసుకుని, కత్తెర కూడా పెట్టాక, నీ ఉత్తరం రెండో పేజీకి వచ్చాను. అది నీ గ్రాఫట. నాకేం తెలుసు తల్లీ? గీత లేని గ్రాఫుని గళ్ల కాగితమే అంటారు.

నీ ఇస్త్రీ అడిగిన ప్రశ్నే నేనూ అడుగుతాను, నన్నూ తిట్టుకో. పాఠ్యపుస్తకాల ప్రెస్సులో అంతకాలం గ్రాఫులు గీసినదాన్ని. ఒక్క అక్షరానికి అంకె చెప్పకపోయినా నా కలం కాగితం మీదికి దిగేది కాదు. నీ మిషనూ అంతే. తెలియనప్పుడు ఊరుకుంది. మన ఇంట్లో ఆ గుణం ఎవరికీ లేదు కాబట్టి నీకు వింతగా ఉంది.

ఇంకోటి. నీ సమీకరణంలో ఊగుడు ముక్క ఉంది, కొసైను. ఫిజిక్సులో ఆ కోణం రేడియన్లలో వస్తుంది. నా లాగ్ టేబుల్స్ పుస్తకంలో డిగ్రీలే ఉంటాయి. అందుకని మేము యాభై ఏడు పాయింట్ మూడుతో గుణించి, డిగ్రీలు చేసుకుని, అప్పుడు పట్టిక చూసేవాళ్లం. నీ మిషను కూడా డిగ్రీలు కావాలంటోందేమో. గుణించి చూడు.

తలుపుల కంపెనీలో మేనకోడలు ఉందన్న మాటే గానీ, నా వంటింటి తలుపు గాలికి ధడాలున కొట్టుకుంటూనే ఉంది. నా చెవులకే వినిపిస్తోందంటే ఆ మోత ఎంతటిదో ఊహించుకో.

బస్సులో రాయలేదు. మీ పోస్ట్‌మాన్‌కి కళ్లజోడు కావాలి.

అత్త


మార్చి 9

అత్తా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఈలోగా నేనే కనిపెట్టేశాను. తలుపు బరువుకి పెట్టిన అక్షరం ఒకచోట పెద్దది, ఇంకోచోట చిన్నది కొట్టాను. ఆ సాఫ్ట్‌వేర్‌కి పెద్ద ఎమ్, చిన్న ఎమ్ వేరు వేరు మనుషులట. ఒకరికి విలువ ఇచ్చాను, రెండోవాళ్లు ఎవరో తెలియక గీయడం మానేసింది. ఇస్త్రీ మాట నిజమైందని నువ్వు అనుకుంటావు. అనుకో, నాకు మాత్రం రాయకు.

గీత వచ్చింది గానీ అది తలుపులా లేదు. పడవలా ఉంది. ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి, మధ్యలో ఆగి ఆలోచించుకుని మళ్లీ వెనక్కి. ఏ తలుపూ ఇంత బద్ధకంగా ఊగదు. ముద్రించి పెడుతున్నాను. దీని మీద తెర కొలతలు వేయకు, గీత ఉంది.

కుంపటి


మార్చి 12

అత్తా,

నన్ను నాశనం చేద్దామని ఒకడు బయల్దేరాడు. ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

నిన్న పొద్దున పడవ గుట్టు పట్టేశాను. నాకన్నా ముందు ఆ కంప్యూటరు వాడినవాళ్లెవరో కోణాల సెట్టింగు డిగ్రీల మీద వదిలేశారు. దాన్ని రేడియన్లకి మార్చాను. గీయించి చూద్దామనుకునేసరికి నీ ఉత్తరం చేతికొచ్చింది. నువ్వు చెప్పావు కదా అని సమీకరణంలో గుణించేశాను కూడా. భోజనానికి వెళ్లి వచ్చేసరికి నా కుర్చీలో ఇస్త్రీ కూర్చుని ఉన్నాడు. ఏమిటంటే ప్రింటరు కాగితం కోసమట. వాణ్ణి లేపి మీట నొక్కితే ఏం వచ్చిందో ఇందులో పెట్టాను చూడు. దువ్వెన మొహం చూడని జుట్టు. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి, నల్లగా పిచ్చి గీతలు.

నా ఫైలు ముట్టుకున్నావని అరిచేశాను. లేతు మిషను దగ్గరవాళ్లు కూడా పని ఆపి చూశారు. అతను కాగితాల కట్ట తీసుకుని వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడు కాకపోతే తిరిగి అరవడా?

కుంపటి


మార్చి 15

కుంపటీ,

నువ్వు పంపిన జుట్టు చూశాను. గీతకి కూడా మర్యాద ఉంటుంది. దాన్నిలా చేసినవాణ్ణి ఊరికే వదలకూడదు. ప్రెస్సులో ఇలాంటివాడే ఒకడు నా బొమ్మ మీద సిరా ఒలికించి, గాలికి పడిందన్నాడు. గాలి సిరా బుడ్డి మూత తీస్తుందా?

నువ్వు అరిస్తే పనికి రాదు, నీ అరుపు అందరికీ అలవాటే. అందుకని నేనే మీ ఇంజనీరుకి వేరే ఉత్తరం రాసి, కంపెనీ చిరునామాకి పంపాను. పేరు నువ్వెప్పుడూ చెప్పలేదు కాబట్టి పైన "ఇస్త్రీ చొక్కా ఇంజనీరు గారికి" అని రాశాను. చేరుతుందిలే.

అత్త


మార్చి 17

అత్తా,

ఆ ఉత్తరం ఎందుకు రాశావు? ఎవరు రాయమన్నారు?

జుట్టుకి కారణం ఇస్త్రీ కాదు. నువ్వూ నేనూను. సెట్టింగు నేను మార్చాను, గుణింపు నువ్వు చెప్పావు. రెండిట్లో ఒకటి చాలు. రెండూ చేస్తే కోణం యాభై ఏడు రెట్లు పెరిగి కూర్చుంది. నీ ఉత్తరం పడవకి మందు, నేను అప్పటికే మందు వేసేశాను. ఈ సంగతి మొన్న తెలిసింది. క్షమించమని అడగడం నాకు చేతకాదు. ఒక టీ తెచ్చి అతని బల్ల మీద పెట్టాను. అతను తాగాడు. ఇద్దరికీ అర్థమైంది, గొడవ సద్దుమణిగింది అనుకున్నాను.

నిన్న నీ ఉత్తరం దిగింది. గేటు దగ్గర కవరు మీది పేరు చదివి, ఎవరూ అడగకుండానే నేరుగా అతనికే ఇచ్చారు. అంటే అందరికీ తెలుసన్నమాట. అతను నిలబడే చదివాడు, నాలుగు పేజీలూ. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ అత్తగారు తిట్టడంలో మంచి పనిమంతురాలు. అక్షరం మాత్రం కాస్త వణుకుతున్నట్టుంది, ఒంట్లో బాగుంటోందా?" అన్నాడు. నేను తలదించుకుని బోల్టులు ఏరుకున్నాను.

ఇక మంచి కబురు. గుణింపు తీసేసి గీయించాను. ఆహా అత్తా, ఏం గీత. జారుడుబల్ల మీద పిల్ల జారినట్టు నున్నగా దిగి, తలుపు మూసుకునే చోట ఆగింది. ఎక్కడా అదురన్న మాటే లేదు. నూనె మార్చక్కర్లేదని, అదురంతా లైబ్రరీవాళ్ల చెవుల తప్పని ఓనరుకి చెప్పాను. ఆయన మురిసిపోయి లైబ్రరీవాళ్లని ఇరవై అయిదుకే రమ్మన్నాడు.

ఇస్త్రీకి మాత్రం నచ్చలేదు. "మరీ నున్నగా ఉంది. ఆ తలుపు నేను విన్నాను, అదురుతోంది. ఇంకో దారిలో సరిచూశావా?" అంటాడు. టీ తాగినవాడు అనాల్సిన మాటేనా? సరే, ఇంకో దారి అంటే నువ్వే. విలువలన్నీ వేసి సమీకరణం పంపుతున్నాను. నీ కలంతో గీసి పంపు. నీ గీత నా గీత మీద పెట్టి అతని నోరు మూయిస్తాను.

కుంపటి


మార్చి 20

కుంపటీ,

గీశాను. ఇందులో ఉంది. మడత గీత మీద పడకుండా మడిచాను, విప్పేటప్పుడు జాగ్రత్త. చెప్పాల్సిందంతా గీతలోనే ఉంది, చూసుకో.

మీ ఇంజనీరు దగ్గర్నుంచి జవాబు వచ్చింది. మర్యాదగా రాశాడు. ప్రింటరు కాగితం కోసమే కూర్చున్నాడట. నేను నమ్మాను.

వంటింటి తలుపు సంగతి ఏం చేశావు?

అత్త


మార్చి 22

ప్రియమైన అత్తకి,

ఇది కోపంతో రాస్తున్న ఉత్తరం కాదు. నిదానంగా చదువు.

నీ బొమ్మ అందింది. చాలా శ్రమ తీసుకున్నావు. దాన్ని నా గ్రాఫు మీద పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి చూశాను. వాలు ఒకటే, మొదలు ఒకటే, చివర ఒకటే. కానీ నీ గీత నిలువునా వణికింది. మొదటినుంచీ సన్నసన్నగా వణుకు, పోను పోను తగ్గింది. మొదట్లో చేయి కుదరలేదు, తర్వాత కుదురుకుంది అనుకుంటాను. పోస్ట్‌మాన్ ఒకటో ఏడో అన్నప్పుడు నవ్వేశాను. ఇంజనీరు అడిగినప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు నా కళ్లతో చూశాను.

ఎవరికీ చూపించలేదు. సొరుగులో భద్రంగా పెట్టాను. నీకు శ్రమ ఇచ్చినందుకు ఏమీ అనుకోవద్దు. వీలైనంత త్వరగా డాక్టరుకి చూపించుకో. బరువులెత్తకు. ఉత్తరాలు కూడా చిన్నవే రాయి, లేదా పక్కింటివాళ్ల చేత రాయించు. గ్రాఫు గురించి ఆలోచించకు, నాది ఉంది కదా.

నీ మీద బెంగతో,
మేనకోడలు


మార్చి 23

ఒసే,

దీన్ని అన్నిటికన్నా తొందరగా వెళ్లే టపాలో వేస్తున్నాను. ఇరవై అయిదులోపు నీకు అందకపోతే నీ ఖర్మ.

నీ నున్నటి ఉత్తరం చదివాను. "ప్రియమైన అత్తకి" అట. నేనింకా పోలేదు.

గీతలో నా చేయి వణకలేదు. నీ సమీకరణం వణికింది. స్కేలు తీసుకో. నా గీతలో ఒక్కో అల వెడల్పు కొలువు. అన్నీ ఒకటే. ఎత్తు కొలువు. ఒకదాని తర్వాత ఒకటి, చెప్పినట్టు విని తగ్గుతాయి. అంత క్రమశిక్షణగా వణికే చేయి ఎవరికైనా ఉంటే తీసుకొచ్చి చూపించు. నీ ఊగుడు ముక్క ఏం చెప్పిందో అదే గీశాను. అదురు ఉంది. లైబ్రరీవాళ్ల చెవులు బాగున్నాయి.

మరి నీ మిషను ఎందుకు గీయలేదంటావా? గీత ఎవరూ గీయరే పిచ్చిదానా. చుక్కలు పెట్టి కలుపుతారు. మిషనూ అంతే, నేనూ అంతే. తేడా ఏమిటంటే, గీత ఎక్కడ మెలికలు తిరుగుతుందో చూసి అక్కడ చుక్కలు దగ్గరగా పెట్టాలని నాకు నేర్పారు. నీ మిషను కళ్లు మూసుకుని సమానమైన ఎడంతో పెట్టుకుపోయింది. ఊగే ఉయ్యాల ముందు కళ్లు మూసుకుని నిలబడు. సరిగ్గా అది నీ దగ్గరికి వచ్చినప్పుడల్లా మాత్రమే తెరిచి మూసుకో. ఉయ్యాల కదలడం లేదనే అంటావు. నీ అదురుకి ఎంతసేపు పడుతుందో, నీ చుక్కల మధ్య ఎడం కూడా అంతే అయి ఉంటుంది. గీత తీసేసి చుక్కలు మాత్రం వేయించి చూడు. చుక్కకీ చుక్కకీ మధ్య ఏం జరిగిందో ఎవరిని అడిగావు?

సొరుగులోంచి నా బొమ్మ తియ్యి.

అత్త


మార్చి 28

అత్తా,

చెంపలు వేసుకున్నాను. నిజంగానే, బాత్‌రూమ్‌లో అద్దం ముందు. ఇక తిట్టకుండా విను.

నీ ఉత్తరం ఇరవై అయిదు పొద్దున చేతికొచ్చింది. అప్పటికే ఓనరు గదిలో లైబ్రరీవాళ్లు టీ తాగుతున్నారు, నా నున్నటి గ్రాఫు వాళ్ల ముందు బల్ల మీద ఉంది. నన్ను పిలవడమే తరువాయి. ఉత్తరం చేత్తో పట్టుకునే లేచాను. కంప్యూటరు దగ్గరికి పరిగెత్తి చుక్కలు మాత్రం వేయించాను. అచ్చం నువ్వన్నట్టే. సెకనులో పదో వంతుకి ఒక చుక్క, అదురు కూడా పదో వంతుకి ఒకటి. ఒక్కో చుక్కా ఒక్కో అల నెత్తి మీద కూర్చుంది. కిందికి దిగిన సంగతి ఒక్క చుక్కకీ తెలియదు. చుక్కల్ని పది రెట్లు చేసి మళ్లీ గీయించాను. గీత గజగజలాడింది. సొరుగులోంచి నీ బొమ్మ తీసి దాని మీద పెట్టాను. అలకి అల సరిపోయింది. నాకు ఏడుపొచ్చింది, అది నీ బొమ్మ మీద పడకుండా తల పక్కకి తిప్పాను.

ఇస్త్రీ వెనకే నిలబడి అంతా చూశాడు. ఏం చేయాలన్నది నాకే వదిలేసి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. నేనొక్కదాన్నే నోరు మూసుకుంటే చాలు, నున్నటి గీత అక్కడే ఉండేది, బల్ల నాదయ్యేది, లైబ్రరీ తలుపు గడగడలాడుతూనే ఉండేది. ఒక్క నిమిషం అలా అనిపించింది కూడా, ఎందుకు దాచాలి. ప్యాకింగ్ గదిలో టేపు చప్పుడు ఎలా ఉంటుందో నీకు తెలియదు.

రెండు కాగితాలూ పట్టుకుని లోపలికి వెళ్లాను. బల్ల మీదిది తీసేసి, "ఇది తప్పు. నేనే చేశాను. మీ తలుపు అదురుతోంది" అన్నాను. ఓనరు టీ కప్పు గాల్లోనే ఆగిపోయింది. లైబ్రరీ నుంచి వచ్చినావిడ మాత్రం నీ బొమ్మ చేతిలోకి తీసుకుని, అలల మీద వేలు పెట్టి గడగడగడ అని చదివింది. మా తలుపు సరిగ్గా ఇలాగే అంటుంది, ఇన్నాళ్లకి మా మాట నమ్మారు అంది. ఎవరు గీశారని అడిగింది. మా అత్త అన్నాను.

తర్వాత పని ఇస్త్రీది. నిజం గీత చేతికొచ్చాక అతను వెంటనే పట్టుకున్నాడు. నూనె ఎంత చిక్కన చేసి గీయించినా తలుపు నెమ్మదిస్తోంది గానీ అలలు చావడం లేదు. అయితే తప్పు నూనెది కాదు, తలుపుకీ క్లోజరుకీ మధ్య ఉండే చేతికడ్డీ కీలు వదులుగా ఉందన్నాడు. ఇద్దరం వెళ్లి అక్కడ రబ్బరు వాషరు వేశాం. తలుపు తెరిచి వదిలాను. మూసుకుంది. హాల్లో ఒక్కరూ తలెత్తలేదు. నన్నెవరూ పట్టించుకోనందుకు నేను సంతోషించడం పుట్టాక ఇదే మొదలు.

ఓనరు రెండు రోజులు మొహం చాటేశాడు. నిన్న వచ్చి, ఇన్నాళ్లలో నువ్వు అరవకుండా చెప్పిన మొదటి మాట అదే అన్నాడు. బల్ల దగ్గరే ఉండమన్నాడు. కాకపోతే నా గ్రాఫు ఇస్త్రీ చూడకుండా, ఇస్త్రీ గ్రాఫు నేను చూడకుండా గది దాటకూడదట. అతను సరేనన్నాడు. నేను చూద్దామన్నాను.

నీ చేతిని అనుమానించినందుకు ఏ శిక్షైనా వెయ్యి.

కుంపటి


ఏప్రిల్ 2

కుంపటీ,

బల్ల దక్కించుకున్నావు. నాకు ఇంకేం కావాలి? శిక్ష వేద్దామనే కూర్చున్నాను. కానీ నా దగ్గరా ఒక చుక్క తక్కువైంది. అది పెట్టకపోతే నా గీత కూడా అబద్ధమే అవుతుంది.

నువ్వు తప్పు చోట చూసి ఒప్పు మాట అన్నావు. గీత వణకలేదు, అది నిజం. చేయి వణుకుతోంది, అదీ నిజం. చలికాలం నుంచీ ఉంది. గ్లాసు ఎత్తితే నీళ్లు తొణుకుతాయి, దారం సూదిలోకి పోనంటుంది. నీ బొమ్మ ఎలా గీశానంటే, ప్రెస్సులో కాగితాలు ఎగరకుండా పెట్టే ఇనప దిమ్మ ఒకటి నా దగ్గర ఉండిపోయింది. దాన్ని గుడ్డతో మణికట్టుకి కట్టుకుని గీశాను. బరువుంటే చేయి మాట వింటుంది. కవరు మీద చిరునామాకి మాత్రం దిమ్మ ఎవరు కట్టుకుంటారు? అక్కడే మీ పోస్ట్‌మాన్‌కి దొరికిపోయాను.

డాక్టరు దగ్గరికి వెళ్లాను, నువ్వు పోరినందుకు కాదు, అటు పనుండి. ప్రాణం మీదికి వచ్చేది కాదట. పోయేది కూడా కాదట. మెల్లగా పెరుగుతుందట. గీయడం మానేస్తే మంచిదా అని అడిగితే, మీకు మంచిదనిపిస్తే మానెయ్యండి అన్నాడు. ఇదేం జవాబో నువ్వే చెప్పు.

ఆ రోజు నీ మీద అంత కోపం ఎందుకొచ్చిందంటే, నువ్వు మెత్తగా రాశావు. నువ్వు తిడుతూ రాసినంతకాలం నేను బాగానే ఉన్నానని నాకు ధైర్యం. నువ్వు "ప్రియమైన" అనగానే అద్దంలో చూసుకోవాల్సి వచ్చింది. ఇంకెప్పుడూ అలా రాయకు.

అత్త


ఏప్రిల్ 6

మొండిదానా,

చలికాలం నుంచీనా? నాలుగు పేజీలు కూర్చుని ఇస్త్రీని తిట్టడానికి చేయి పనికొచ్చింది, నాకు ఒక్క ముక్క రాయడానికి రాలేదా? ఇనప దిమ్మ మణికట్టుకి కట్టుకుందట. అది జారి కాలి మీద పడితే? అప్పుడు కాలు ఏ సమీకరణం ప్రకారం వాచిందో గ్రాఫు గీసి పంపేదానివా? డాక్టరు దగ్గరికి అటు పనుండి వెళ్లావట. నువ్వు అబద్ధం ఆడటం కూడా చుక్కలు పెట్టి కలిపినట్టే ఉంటుంది, మధ్యలోదంతా నాకు కనిపిస్తోంది.

తిట్టాను. ధైర్యం వచ్చిందా? ఇప్పుడు విను.

ఇత్తడి కడ్డీ ముక్క ఒకటి తీసుకుని లేతు మీద తొడుగు చేశాను. నీ కలానికి సరిగ్గా పడుతుంది. కొలత నాకు చిన్నప్పటినుంచీ తెలుసు, ఆ కలం ముట్టుకున్నందుకే కదా నాకు మొట్టికాయ వేసింది. బరువు ఎంతుండాలన్నది ఇస్త్రీ చూశాడు. మరీ బరువైతే వేళ్లు నొప్పి పుడతాయని రెండుసార్లు మళ్లీ చెక్కించాడు. ఇది కలాన్ని పట్టుకుని ఉంటుంది, కాలి మీద పడదు. చిరునామా రాసేటప్పుడు కూడా తీయకు.

ఆదివారం వస్తున్నాను. నీ వంటింటి తలుపుకి క్లోజరు, రబ్బరు వాషరుతో సహా, సంచిలో పెట్టుకున్నాను. ఇస్త్రీ కూడా వస్తానంటున్నాడు, తిట్టినావిడని ఒకసారి చూడాలట. చొక్కా నలక్కుండా ఎక్కడ కూర్చోబెడతావో అది నీ తలనొప్పి.

ఇంకో క్లోజరు లెక్క మొదలైంది. ఆసుపత్రి తలుపు, దానికీ అదురేనంటున్నారు. సమీకరణం ఇందులో పెట్టాను, విలువలన్నీ ఇచ్చాను, పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ కలవకుండా రాశాను. చుక్కలు ఎక్కడ పెట్టాలో నీకు వేరే చెప్పను. తొందర లేదు, మెల్లగా గియ్యి. గీతలో ఎక్కడైనా వణుకు కనబడితే, ముందు నా సమీకరణాన్నే అనుమానిస్తాను.

నీ కుంపటి